ఇసుకపై ఆడు క్లబ్బులు, బడితో ఆగిపోవు మన ఆటలు

పోర్చుగల్ దేశపు పడమటి తీరమున నజరే అను నొక చిన్న పట్టణము కలదు. అది తరతరములుగా చేపలు పట్టువారి యూరు. శీతకాలమున అచ్చట లేచు అలలు తాటిచెట్లను మించి యెత్తుగా నుండుటచేత ఆ యూరి పేరు లోకమంతట వ్యాపించినది. ఆ అలల యొడ్డున నున్న యిసుక మైదానములో 2017వ సంవత్సరమునుండి పలుమార్లు మఱియొక వేడుక జరిగినది. ఐరోపా ఖండమందలి పెక్కు దేశములలో సముద్రతీరపు ఫుట్‌బాల్ ఆటయందు పేరు గడించిన క్లబ్బులు అచ్చట గుమిగూడి, ఖండమున కెల్ల మేటి యెవరో తేల్చుకొనుటయే ఆ వేడుక. దానికి యూరో విన్నర్స్ కప్ అని పేరు.

సముద్రమునకు ఎన్నో ఆమడల దూరముననున్న ఓరుగల్లు బడి పత్రికలో ఈ ముచ్చట యేల యని చదువరు లడుగవచ్చును. భద్రకాళి చెరువును మించిన నీటిని కన్నులార చూడని పిల్లలు మన తరగతులలో నెందఱో కలరు. వారికి సముద్రతీరపు ఆటతో నేమి పని? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ పోటీ దేశముల నడుమ జరుగునది కాదు. క్లబ్బుల నడుమ జరుగునది. ఆ యొక్క మాట కొఱకే నేనీ వ్యాసమును వ్రాయబూనితిని. మన ప్రాంతమున ఆడు కాళ్లకు కొదువ లేదు. ఇసుకకును కొదువ లేదు. బడి విడిచిన మఱునాటినుండి పిల్లలను ఆటకు పిలుచు సంఘమునకే కొదువ. ఆ కొదువను తీర్చు ప్రయత్నము మన బడియందే మొదలు కావలెనని నా యభిప్రాయము.

ముందుగా ఆ యాట స్వరూపమును విద్యార్థులకు తెలుపుట మంచిది. ప్రక్కకు నైదుగురు చొప్పున ఆడుదురు. వారిలో నొకడు గోలు కాచువాడు. మైదానము పొడవు 35 మొదలు 37 మీటర్లు, వెడల్పు 26 మొదలు 28 మీటర్లు. ఇసుక లోతు 40 సెంటీమీటర్లకు తక్కువ కారాదు. బూట్లు తొడుగుకొనుట నిషిద్ధము. అందఱును వట్టికాళ్లతోనే ఆడవలెను. ఆట మూడు భాగములు. ఒక్కొక్క భాగము 12 నిమిషములు. ఇసుకలో పరుగెత్తుట మిక్కిలి శ్రమ గనుక ఆటగాండ్రను ఎన్నిసార్లయినను మార్చుకొనవచ్చును. ప్రత్యర్థి తప్పు చేసినప్పుడు ఇచ్చు తన్నుకు ఎదురుగా గోడవలె వరుసకట్టి నిలుచుట కూడదు. ఆట సరిసమానముగా ముగియుట యనునది లేదు. సమానమైనచో మూడు నిమిషములు పొడిగింతురు. అప్పటికిని తేలనియెడల గోలుకు నేరుగా తన్నించి గెలుపోటములు నిర్ణయింతురు.

గట్టినేలమీద బంతి దొర్లును, ఇసుకమీద దొర్లదు. దొర్లినను గుంటలకు తగిలి దారితప్పును. అందువలన ఆటగాండ్రు బంతిని కాలిబొటనవ్రేలితో పైకి లేపి, గాలిలోనే ఒకరి కొకరు అందించుకొందురు. వెల్లకిల ఎగిరి తలమీదుగా తన్నుట చూచువారికి వింతగా తోచును గాని, ఆ యాటలో అది అవసరమైన విద్య. బ్రెజిల్ దేశపు తీరములందు పేదపిల్లలు ఎన్నడో ఆడుకొనుచుండిన ఈ యాటకు 1992లో నియమములు ఏర్పఱచిరి. 2005లో రియో నగరమందలి కోపకబానా తీరమున, ఫుట్‌బాల్ ప్రపంచసంస్థయైన ఫీఫా దీనికి మొదటి ప్రపంచకప్పును నడపెను. ఫ్రాన్సు దేశము దానిని గెలిచెను.

దేశముల పోటీ వచ్చిన ఎనిమిదేండ్లకు, 2013లో, ఐరోపా క్లబ్బుల పోటీ ఇటలీ దేశపు సాన్ బెనెదెత్తో దెల్ త్రొంతో అను తీరపట్టణమున ఆరంభమయ్యెను. ఆ మొదటి కప్పును గెలిచినది మాస్కో నగరపు లోకోమోటివ్ క్లబ్బు. ఈ పేరునకు రైలింజనని యర్థము. రైల్వే పనివారల కొఱకు పుట్టిన క్లబ్బు గనుక ఆ పేరు నిలిచినది. మాస్కోకు సముద్రము లేదు. సంవత్సరమున కొన్ని మాసములు ఆ నగరము మంచులో మునిగియుండును. అట్టి యూరి క్లబ్బు సముద్రతీరపు ఆటలో ఖండమున కెల్ల ప్రథమ విజేతయైనది. కాజీపేట జంక్షను ప్రక్కన నివసించు మనకు ఇందులో నొక పాఠము లేదా? తరువాత 2017, 2018, 2019 సంవత్సరములలో వరుసగా మూడుమార్లు పోర్చుగల్ దేశపు బ్రాగా క్లబ్బు గెలిచెను. బ్రాగా యనునది కూడ సముద్రమునకు ఎడముగా లోనాడున నున్న పట్టణమే. ఆ క్లబ్బు పుట్టినది 1921లో. అనగా ఇసుకపై ఆడుటకు నియమములు ఏర్పడుటకు డెబ్బది యేండ్లు ముందుగానే ఆ యూరివారికి ఒక సంఘము సిద్ధముగా నుండెను. కొత్త ఆట వచ్చినప్పుడు ఆ సంఘము దానికి ఒక చోటు చూపించినది, అంతియే.

విద్యార్థులారా, క్లబ్బు అనగా నేమో గమనింపుడు. జట్టు వేఱు, క్లబ్బు వేఱు. జట్టు ఒక పోటీ కొఱకు ఏర్పడి, ఆ పోటీతో చెదరిపోవును. క్లబ్బునకు పేరు, చోటు, లెక్కల పుస్తకము, పెద్దలు, పిన్నలు ఉందురు. అందులో పదేండ్ల పిల్లవాడు చేరును, ముప్పదియేండ్లవాడు ఆడును, అఱువదియేండ్లవాడు గీతలు గీయించి, నీరు తెప్పించి, చిన్నవారికి ఓపికతో నేర్పును. ఒకనాడు గోలు వేసినవాడు మఱియొకనాడు తాళపుచెవి దాచుకొనువాడగును. ఆట ఆ యూరిలో నిలుచునది ఇట్టివారివలననే.

ఇక మన దేశపు సంగతి చూతము. వట్టికాళ్ల ఆట మనకు క్రొత్త కాదు. 1911వ సంవత్సరము జూలై 29వ తేదీని కలకత్తాలో మోహన్ బగాన్ క్లబ్బు ఈస్టు యార్కుషైరు రెజిమెంటు జట్టును 2-1 గోళ్లతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినప్పుడు ఆ జట్టులో పదిమంది బూట్లు లేకుండ ఆడిరి. బూట్లు తొడిగినవా డొక్కడే; ఆయన సుధీర్ చటర్జీ. ఆయన భవానీపూరులోని లండన్ మిషను కళాశాలలో ఉపాధ్యాయుడు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలయందు మనవారు పలువురు వట్టికాళ్లతోనే ఫ్రాన్సును ఎదిరించి 2-1 తేడాతో మాత్రమే ఓడిరి. 1952లో హెల్సింకి నగరపు చలిలో యుగోస్లావియా చేతిలో 10-1 గా ఘోరపరాజయము పొందిన పిమ్మట, బూట్లు తప్పనిసరి యని మన ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించెను. గడ్డిమైదానము మన వట్టికాళ్లకు తలుపు మూసినది. ఆశ్చర్యమేమనగా, ఇసుకమైదానము ఆ తలుపును మరల తెఱచినది. బూట్లు కొనలేని పిల్లవానికిని, కొనగలవానికిని ఇసుకమీద భేదము లేదు.

మన తెలుగునాట క్లబ్బు యొక్క మహిమను చూపిన దృష్టాంతము హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950వ సంవత్సరమున ఆ జట్టు డ్యూరాండు కప్పు తుదిపోటీలో మోహన్ బగాన్‌ను ఓడించెను. అదే యేట బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచి, 1954 వఱకు వరుసగా అయిదేండ్లు ఆ కప్పును మఱియొకరి కీయలేదు. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. అందఱును ఆయనను రహీం సాహెబని పిలిచెడివారు. ఆయన వృత్తిచేత బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పిన పిమ్మట వ్యాయామవిద్యలో తరిఫీదు పొందిరి. 1943నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండి ఆటను క్రమమునకు తెచ్చిరి.

ఆయన పద్ధతి ఉపాధ్యాయుని పద్ధతియే. బంతిని ఒక్కడే పట్టుకొని తిప్పుచు పోరాదను నియమముతో కొన్ని పోటీలు పెట్టెడివారు. అందువలన పిల్లలకు బంతిని వెంటనే తోడివాని కందించుట అలవడెను. బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమముతో మఱికొన్ని పోటీలు పెట్టెడివారు. అందువలన రెండుకాళ్లును సమానముగా పనిచేయ నేర్చెను. ఖరీదైన సామగ్రి యేదియు లేదు; ఆలోచన యొక్కటే పెట్టుబడి. ఈ బడిపంతులు శిక్షణలో భారతదేశపు జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారుపతకములు గెలిచెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలయందు నాలుగవ స్థానము పొందెను. సికిందరాబాదు ప్రక్కన అమ్ముగూడలో పేదయింట పెరిగిన తులసీదాస్ బలరాం గారు ఆయన చేతిలో మెఱుగెక్కినవారే. హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోషు ట్రోఫీని గెలిచెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు దానిని గెలిచెను. ఇన్ని విజయముల వెనుక నున్నది గల్లీగల్లీనను సాయంకాలమున ఆడు క్లబ్బులు. 1963 జూన్ 11వ తేదీని రహీం సాహెబు మరణించిరి. పిమ్మట క్రమక్రమముగా ఆ వెలుగు తగ్గెను. 2024లో ఆయన జీవితమును గూర్చి మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చినదాక మన పిల్లలలో ననేకులకు ఆయన పేరే తెలియదు.

ఇటీవల జరిగిన వేఱొక సంగతి చెప్పెదను. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను పేర నొక క్లబ్బు ఏర్పడి, ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించినది. 2022 మార్చి 20వ తేదీని గోవాలో కేరళ బ్లాస్టర్సు జట్టును ఓడించి ఆ లీగు కప్పును గెలిచినది. మన పిల్లలు ఎంతో సంతోషించిరి. కాని తరువాతి యేండ్లలో ద్రవ్యపు చిక్కులు కలిగెను. 2025లో ఆ క్లబ్బు చేతులు మారి ఢిల్లీకి తరలిపోయెను. కప్పు గెలిచిన మూడేండ్లకే ఆ నగరమునకు ఆ క్లబ్బు లేకుండపోయినది. ఎవరిని నిందించుటకును నేనీ మాట వ్రాయుట లేదు. పెట్టుబడితో వచ్చిన క్లబ్బు పెట్టుబడితో పోగలదు. వీధిలో పుట్టి, వీధివారు కాపాడుకొనిన క్లబ్బును ఎవరును మూటగట్టి కొనిపోలేరు. ఇసుకమీద ఇల్లు కట్టినవాని యుపమానము మన పిల్లలు ప్రార్థనాకూటమునందు విన్నదే. ఇసుకమీద ఆడుట మంచిది. ఆటకు పునాది మాత్రము బండమీద వేయవలెను.

ఆడుపిల్లల సంగతి ఇంకను ఆలోచింపదగినది. ఐరోపాలో స్త్రీల క్లబ్బులకు కూడ ఇసుక ఫుట్‌బాల్ ఖండపోటీ 2016నుండి జరుగుచున్నది. మన తెలంగాణమునందలి నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారతదేశపు స్త్రీల జట్టులో ఆడుచున్నది. 2022లో ఆమె క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరెను. తరువాత కలకత్తా ఈస్టు బెంగాల్ క్లబ్బు పక్షమున ఆడెను. ఆ క్లబ్బు 2024-25లో స్త్రీల జాతీయ లీగును గెలిచి, ఆసియా ఖండపు క్లబ్బుల పోటీకి అర్హత పొందెను. తండానుండి ఖండపు పోటీ దాక పోవు దారి యున్నదని ఈ బిడ్డ చూపినది. మన మందఱము గర్వింపదగిన సంగతియే. అయినను ఒక్క ప్రశ్న మిగులును. ఆమెకు చేరుటకు క్లబ్బు కేరళ, కలకత్తా, క్రొయేషియాలలో దొరకినది గాని ఓరుగల్లులో నేల దొరకలేదు? ఆమెవలె ఇల్లు విడిచి దూరదేశము పోగల ధైర్యమును, అవకాశమును లేని పిల్లలు ఎందఱు ఆట మానుకొని యింట కూర్చుండిరో ఎవరు లెక్కింపగలరు?

మన దేశమున ఇసుక ఫుట్‌బాల్ ఇప్పుడిప్పుడే మొలకెత్తుచున్నది. 2023వ సంవత్సరారంభమున గుజరాతులోని సూరతు నగరమున జాతీయస్థాయి పోటీ మొదటిసారి జరిగినది. కేరళ జట్టు తుదిపోటీలో పంజాబును 13-4 గోళ్లతో ఓడించినది. అదే సంవత్సరము గోవాలో జరిగిన జాతీయ క్రీడలయందును కేరళకే బంగారుపతకము లభించినది. 2025లో థాయిలాండు దేశపు పట్టాయా పట్టణమున జరిగిన ఆసియా కప్పులో భారతదేశపు జట్టు ఆడినది. కేరళకు ఇట్టి యాధిక్యము ఎట్లు వచ్చినది? సముద్రము కారణమందురా? ఆంధ్రదేశమునకు సుమారు వేయి కిలోమీటర్ల తీరమున్నది. అది కేరళ తీరమునకన్న చాల పొడవు. విశాఖపట్టణమునుండి మచిలీపట్టణము వఱకు ఎంత చక్కని యిసుక! తేడా ఇసుకలో లేదు. మలబారు పల్లెలలో పంటకోసిన చేలలో ఏడుగురు చొప్పున ఆడు ఫుట్‌బాల్ పోటీలు తరములుగా జరుగుచున్నవి. పల్లెపల్లెకు గ్రంథాలయము, దాని ప్రక్కన ఆటల క్లబ్బు ఉండుట అచ్చటి వాడుక. ఇసుకమైదానమునకు పిలుపు వచ్చినప్పుడు ఆ క్లబ్బుల పిల్లలు సిద్ధముగా నుండిరి.

మన యూరి పరిస్థితి ఎట్లున్నది? పదునాఱేండ్ల ప్రాయము దాక మన పిల్లలు ఆటల గంటలో ఉత్సాహముతో నాడుదురు. పదవ తరగతి పరీక్షలతో అది సరి. తరువాత పలువురు హనుమకొండలోనో, హైదరాబాదులోనో వసతిగృహపు కళాశాలలలో చేరుదురు. అందులో కొన్నిటికి ఆడుకొనుటకు ముంగిలి కూడ నుండదు. మేడమీది గదులు, తెల్లవారుజామునుండి రాత్రి దాక పాఠములు. కొందఱు పనిలో చేరుదురు. కొందఱు ఆడుపిల్లలకు పెండ్లిండ్లు జరుగును. ఇరువదియేండ్లకు పైబడిన నా ఉపాధ్యాయవృత్తిలో, బంతి తగిలిన చోటెల్ల నవ్వులు పూయించిన పిల్లలు రెండేండ్ల తరువాత వంగిన వీపుతో, కండ్లక్రింద నల్లని చారలతో బడి చూచిపోవుటకు వచ్చుట పెక్కుమార్లు గమనించితిని. ఇప్పుడు ఏమి యాడుచున్నావని యడిగినయెడల, తఱచుగా వచ్చు ప్రత్యుత్తరము సెల్‌ఫోను చూపుటయే. ఆ పిల్లలను తప్పుపట్టుట న్యాయము కాదు. వారిని పిలుచు మైదానము లేదు. వారి పేరు వ్రాసికొను పుస్తకము లేదు.

తల్లిదండ్రుల యభ్యంతరములు నాకు తెలియనివి కావు. మార్కులు తగ్గునని యొకటి. వారమునకు రెండు సాయంకాలములు, ఒక్కొక్క గంట చొప్పున ఆడుటచేత తగ్గిపోవు మార్కులు ఇంటియొద్ద కూర్చుండినను నిలుచునవి కావు. అలసి ఆడినవాడు బాగుగ నిద్రించును. బాగుగ నిద్రించినవాడు మఱునాడు బాగుగ చదువును. దెబ్బలు తగులునని రెండవది. గట్టినేలకన్న ఇసుక మెత్తనిది. పడినను మోకాలు చీరుకొనదు. అయినను గాజుపెంకులు, ముళ్లు ఏఱివేయుట, ఆటకు ముందు కాళ్లను సడలించుకొనుట అవసరమే. ఆడుపిల్లలు ఆడరాదని మూడవది. తల్లులారా, మీ కుమార్తె నాటు వేయునప్పుడు, నీళ్లు మోయునప్పుడు ఎవరును వలదనలేదు. పరుగెత్తుటకు మాత్రమే వలదనుట యేమి ధర్మము? వారికి ప్రత్యేక సమయమును, ఒక ఉపాధ్యాయురాలి తోడును ఏర్పఱచుట మన పని.

ఇక ఏమి చేయవలెనో చెప్పెదను. ఇసుకమైదానమును ఈ యేడే నిర్మింపుడని నేను కోరను. నియమము ప్రకారము 37 మీటర్ల పొడవు, 28 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు గల మైదానమునకు 414 ఘనమీటర్ల ఇసుక కావలెను. లెక్కల తరగతి పిల్లలు గుణించి చూచుకొనవచ్చును. ఇది మన బడి శక్తికి మించిన ఖర్చు. గోదావరి తిన్నెలమీదికి పిల్లలను తీసికొనిపోవుదమని కొందఱందురు. ఇసుక తవ్విన గుంతలు నీటిలో కనబడక యుండును. ఏటూరునాగారము, మంగపేట దారిలో వేసవి వినోదమునకు పోయి పిల్లలను పోగొట్టుకొనిన కుటుంబముల దుఃఖము పత్రికలలో మనము చదువుచునే యున్నాము. కావున పెద్దల తోడు, ముందు పరిశీలన లేక నదికి పోరాదు.

కావలసినది ఇసుకకన్న ముందు సంఘము. మన బడి పూర్వవిద్యార్థులు, ప్రస్తుత విద్యార్థులు కలిసి ఒక క్రీడాసంఘముగా నేర్పడవలెను. చందా తక్కువగా నుండవలెను; ఇయ్యలేనివారికి చందా లేకుండుటయు మంచిదే. ఒక పుస్తకములో సభ్యుల పేర్లు, మఱియొక పుస్తకములో లెక్కలు వ్రాయవలెను. లెక్కలు ఏటేట ఈ పత్రికలోనే ప్రకటింపవలెను. శని, ఆదివారముల సాయంకాలములందు, ఆరాధనకు భంగము కలుగని వేళలో, బడి మైదానమును వారికి తెఱచియుంచుటకు యాజమాన్యమువారు అనుమతింపవలెను. పదవ తరగతి ముగించి వెళ్లు ప్రతి పిల్లవానికిని, పిల్లకును బదిలీ పత్రముతోపాటు సంఘ సభ్యత్వపు చీటి కూడ ఇయ్యవలెను. చదువు ముగిసినదని చెప్పు కాగితముతో, ఆట ముగియలేదని చెప్పు కాగితము కూడ వారి చేతికి అందును. రైల్వేలోను, మిల్లులలోను, ఆసుపత్రులలోను, కళాశాలలలోను పనిచేయుచున్న పూర్వవిద్యార్థులు వారమున కొక గంట ఇచ్చినచో నేర్పువారికి కొదువయుండదు. రహీం సాహెబు చూపిన పోటీలను, అనగా ఎడమకాలి పోటీని, ఒంటరిగా బంతి పట్టరాని పోటీని, ఒక్క బంతితోనే నడపవచ్చును.

ఇసుక విషయమునకు వచ్చిన, పొడవుదూకు పోటీకై త్రవ్విన గుంట మన మైదానపు మూలనే యున్నది. దానిని కొంచెము వెడల్పు చేసినయెడల ముగ్గురు చొప్పున నిలిచి, బంతిని గాలిలో అందించుకొను అభ్యాసము చేయవచ్చును. వేసవి సెలవులలో పిల్లలు వట్టికాళ్లతో ఇసుకలో ఆడిన, ఆటకు పునాదియైన కాలిపిక్కల బలము, నిలుకడ అలవడును. రెండు మూడేండ్లు ఆ యభ్యాసము నిలిచిన పిమ్మట పెద్ద మైదానము సంగతి ఆలోచింపవచ్చును. అప్పటికి కాజీపేటలోను, హనుమకొండలోను మఱికొన్ని బడులు ఇట్టి సంఘములు స్థాపించినచో, మనకు ఎదురాడు క్లబ్బులు దొరకును. ఎదురాడువారు లేని క్లబ్బు నిలుచుట కష్టము గదా. కావున ఇరుగుపొరుగు బడులను పోటీదారులుగా గాక తోటివారుగా భావించి, మన యాలోచనను వారికి కూడ తెలుపవలెను. సర్కారు బడియైనను, ఏ మతమువారి బడియైనను భేదము వలదు. రహీం సాహెబు జట్టులో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒక్క బంతి వెంట పరుగెత్తిరి.

ఈ సంఘమునుండి ఎవడైనను ఖండపు పోటీకి పోవునా యని యడిగిన, పోవునని నేను వాగ్దానము చేయజాలను. మాస్కోలో రైలుపనివారు తమ క్లబ్బును ఏర్పఱచుకొనిననాడు, తమ పేరుగల జట్టు ఒకనాడు ఇటలీ సముద్రపు టొడ్డున వట్టికాళ్లతో ఆడి కప్పు గెలుచునని వారును తలంచియుండరు. వారు తమ పిల్లలు పని విడిచిన సాయంకాలము ఎక్కడ ఆడుకొందురని మాత్రమే ఆలోచించిరి. మనమును అంతమాత్రమే ఆలోచింతము. పదవ తరగతి పిల్లలు పరీక్షలు వ్రాసి వెళ్లిపోవు దినము దూరములేదు. వారు వెళ్లకమునుపే సభ్యుల పుస్తకమును తెఱచి, మొదటి పుటలో వారి పేర్లనే వ్రాయుదుముగాక.